మా యింటి మాటలు: అద్దెయింటికి అద్దము పట్టుట



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని అద్దెకిచ్చి చూడుమని యేల చెప్పరైరో యని యీ సంవత్సరమున మేము పలుమారు తలపోసితిమి. వెనుకటి దినములలో వీధియరుగుమీద నలుగురు కూర్చుండిన చాలును. ఎవరి యింట నే వాటా ఖాళీయైనదో పేటయంతయు నెఱిగెడిది. ఇప్పుడు అరుగులే అరుదైనవి. ఇల్లు కావలసినవారు కాలికి పని చెప్పకమునుపే ఫోనులో వెదకుచున్నారు. అందు కనబడని యిల్లు ఊరిలో లేనట్లే. కావున వెబ్‌సైటు కూర్చుటయు, అందులకు వలయు ఫోటోలు తీయుటయు మేము నేర్చుకొనవలసివచ్చెను. ఆ నేర్పువలన మాకు గలిగిన లాభమును, అందు మేము చేసిన యొక తప్పును ఈ మాసమున మీకు విన్నవించుకొనుచున్నాము.

రాజమహేంద్రవరమున మా యత్తగారి పేర రెండంతస్తుల పాతయిల్లు కలదు. క్రిందివాటాలో మేముందుము, పైవాటా అద్దెకిచ్చుట యాచారము. ఆ యద్దె పైకము మా యత్తగారిదే. దానితోనే ఆమె మందులు కొనుకొందురు. పండుగలకు మనుమరాండ్రకు బట్టలు పెట్టుదురు. కొడుకు నొక రూపాయి యడిగి యెఱుగరు. నిరుడు శ్రావణమున పైవాటాలోనివారు బదిలీపై వెడలిపోయిరి. గేటునకు "టు లెట్" బోర్డు కట్టితిమి. మధ్యవర్తి యొకడు వచ్చి, ఒక నెల యద్దె కమీషనుగా నిచ్చినగాని మనుష్యులను తీసికొనిరానని చెప్పిపోయెను. నాలుగు మాసములు గడచినవి.

ఒకనాడు మందులపెట్టె సర్దుచుండగా, అయిపోవలసిన రక్తపుపోటు మాత్రలు సగము మిగిలియుండుట చూచితిమి. అడుగగా మా యత్తగారు, "రోజు విడిచి రోజు వేసుకుంటున్నానులే అమ్మాయీ, పైవాటా నిండితే మళ్ళీ రోజూ వేసుకుంటాను" అనిరి. మావారు విని నొచ్చుకొని, ఆ సాయంకాలమే మాత్రలు తెచ్చి యామె చేతిలో పెట్టిరి. ఆమె కాదనక వేసికొనిరి గాని, తమ చిట్టాపుస్తకము తీసి ఆ పైకమును కొడుకుపేర అప్పుగా వ్రాసికొనిరి. ఆ యొక్క పంక్తి చూచినప్పుడు మాకు కన్నీరాగలేదు.

ఆ రాత్రి ఇంటిలో ఆలోచన జరిగెను. కాకినాడలో మా యాడబిడ్డగారికొక వాటా, ధవళేశ్వరమున మా పినమామగారికొక చిన్న పెంకుటిల్లు గలవు. మూడిండ్లకును గలిపి యొక చిన్న వెబ్‌సైటు ఉన్నచో ఎవ్వరికిని కమీషను ఇయ్యనక్కఱలేదని తేలెను. చేయువారెవరు? పిల్లకు ఇంటర్మీడియటు పరీక్షలు. మావారికి బడియు, బడి ముగిసిన తరువాత దిద్దవలసిన కాగితములును. ఆయన మావంక చూచి, "నువ్వే నేర్చుకోకూడదూ?" అనిరి. మాకు నవ్వు వచ్చెను. మేము మా తండ్రిగారియొద్ద అమరమును, భాగవతమును, కొంత వ్యాకరణమును చదువుకొన్నవారమేగాని బడిగుమ్మ మెక్కినవారము కాము. కంప్యూటరుతో మాకు గల పరిచయము మావారి ప్రశ్నపత్రములు టైపుచేయుటవఱకే. "సంధులు విడదీసే దానివి, ఇవి విడదీయలేవా?" యని ఆయన మరల ననిరి. ఆ మాటతో పూనుకొంటిమి.

మాకు గురువుగా దొరకినది మావారి పూర్వ శిష్యురాలు. ఇంజనీరింగు చదివి యుద్యోగము చేయుచున్న పిల్ల. ఆదివారము మధ్యాహ్నములందు వచ్చి, "అమ్మగారూ, కోపం తెచ్చుకోకండి, ఇది మళ్ళీ చేయాలి" అని భయభక్తులతో మందలించెడిది. ఆఱు ఆదివారములు చెప్పెను. మాకంటె పదునైదేండ్లు చిన్నదానియొద్ద కూర్చుండి నేర్చుకొనుటకు మొదట కొంత జంకితిమి. విద్యకు వయసుతో పనిలేదని పిల్లలకు నిత్యము చెప్పు మాటను మనకు మనము చెప్పికొనవలసివచ్చినప్పుడు గదా దాని బరువు తెలియుట!

వెబ్‌పుటను వ్రాయు భాషకు హెచ్.టి.ఎమ్.ఎల్. అని పేరు. ఇది మేము భయపడినంత గహనమైనది గాదు. శీర్షిక యిది, పేరా యిది, బొమ్మ యిది అని ప్రతి భాగమునకును ముందొక గుర్తు, వెనుకొక గుర్తు పెట్టవలెను. తెఱచిన తలుపు మూయవలెను. లోపలిగది తలుపు మూసిన పిమ్మటనే వీధితలుపు మూయవలెను. ఇంతియే దాని మర్యాద. మేము మొదటినాడు ఒక్క మాటను లావుగా కనబఱుపనెంచి గుర్తు తెఱచి మూయుట మఱచితిమి. తక్షణమే పుట యంతయు లావెక్కి కూర్చుండెను! బొమ్మవంటి కొన్నిటికి మాత్రము మూత గుర్తు లేదు. వ్యాకరణమున అపవాదసూత్రములున్నట్లే యిదియు ననుకొంటిమి.

రంగులు, అంచులు, అక్షరముల పరిమాణము మొదలగు నలంకారములకు వేఱొక భాష గలదు. దానిని సి.ఎస్.ఎస్. అందురు. చెప్పవలసిన విషయము ఒకచోట, దాని సింగారము వేఱొకచోట నుండుట మాకు మిక్కిలి నచ్చెను. నగలు తీసి పెట్టెలో దాచినను మనిషి మనిషిగానే యుండవలెను గదా! ఈ విద్యకు మూలమైన వెబ్బును టిమ్ బెర్నర్స్-లీ యను నాతడు 1989లో జెనీవాచెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున ప్రతిపాదించెను. 1991లో మొదటి వెబ్‌సైటు వెలువడెను. 1993లో ఆ సంస్థవారు దానిని సుంకమేమియు లేకుండ లోకమునకు విడిచిపెట్టిరి. అట్లు విడువకున్నచో, మావంటి బడిపంతులుగారి యింటి యాడుది తన అత్తగారి యింటిని దానిపై చూపగలిగెడిదా యని మేము పలుమారు కృతజ్ఞతతో తలంతుము.

పుట తయారైనది. మా బల్లమీది పెద్దతెరలో చక్కగా నుండెను. ఫోనులో చూడగా అక్షరములు చీమలబారువలె నుండెను. తెర వెడల్పును బట్టి పుట యొదుగవలెనని ముందే యొక పంక్తిలో చెప్పవలెనట. ఆ పంక్తి మేము వ్రాయలేదు. ఇల్లు వెదకువారిలో పలువురు ఫోనులోనే చూతురు గనుక, మొదట ఫోనులో సరిచూచి పిదప పెద్దతెరలో చూచుట మేలు. మఱియొక పొరపాటు బొమ్మల బరువు. ఫోను తీసిన ఫోటో ఒక్కొక్కటి నాలుగు మెగాబైట్లుండెను. అట్టివి పండ్రెండు పెట్టితిమి. మావారు లెక్కవేసి, "నలభై యెనిమిది మెగాబైట్లు! పల్లెలో సిగ్నలు సరిగా లేనివాళ్ళు నీ యిల్లు చూసేలోగా ఇంకో యింట్లో పాలు పొంగించుకుంటారు" అనిరి. ఒక్కొక్క బొమ్మ వెడల్పును 1200 పిక్సెళ్ళకు తగ్గించి బిగింపగా 200 కిలోబైట్లకు దిగెను. పండ్రెండింటికిని గలిపి రెండున్నర మెగాబైట్లలోపే. కంటికి భేద మేమియు తోపలేదు. ప్రతి బొమ్మకును అది యేమో తెలుపు మాట గూడ వ్రాయవలెను. చూపులేనివారికి ఫోను ఆ మాటను చదివి వినిపించును.

ఇక ఫోటోలు తీయు విద్య. ఇది పురుషుల సొత్తని మనలో పలువురి తలంపు. హైదరాబాదులో రాజా దీనదయాళ్‌గారు 1892లోనే ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకముగా నొక జెనానా స్టూడియో తెఱచి, దానినొక యాంగ్లేయవనిత యధీనమున నుంచిరి. తరువాతి కాలమున హోమాయ్ వ్యారావాలాగారు చీర కట్టుకొని, బరువైన కెమేరా మోసికొని, స్వాతంత్ర్యోదయ ఘట్టములను పత్రికలకు తీసిపెట్టిరి. 2011లో పద్మవిభూషణ బిరుదమందిరి. ఇంకొక సంగతి: నేటికి నిలిచియున్న కెమేరాచిత్రములలో మిక్కిలి ప్రాచీనమైనది ఫ్రాన్సుదేశమున నీప్స్ యను నాతడు 1826, 1827 ప్రాంతమున తీసినది. అది రాజుల ముఖము గాదు, యుద్ధము గాదు. తన యింటి మేడకిటికీనుండి కనబడు కప్పులు, గోడలు. ఇండ్లతోనే గదా ఈ విద్య యారంభమైనది!

మేము నేర్చుకొన్న మెలకువలు కొన్ని చెప్పెదము. ముందుగా ఫోను కటకమును మెత్తని పాతగుడ్డతో తుడువవలెను. వంటచేతి జిడ్డు దానిమీద నుండక మానదు. గది సర్దుట సగము ఫోటో తీసినట్లే. తలుపులు, కిటికీలు తెఱచి, ఎండ నేరుగా పడని వేళ జూచికొనవలెను. మా యిల్లు తూర్పుముఖము గనుక ముందుగది సాయంకాలమును, వంటయిల్లు ఉదయమును బాగుగా వచ్చినవి. ఫోనును రొమ్ము ఎత్తున నిట్టనిలువుగా పట్టవలెను. పైకిగాని క్రిందికిగాని వంచినచో గోడలు కూలబోవుచున్నట్లుండును. గది మూలన నిలిచి తీసిన రెండు గోడలును నేలయు తెలియును. కిటికీ వెలుగు మిక్కిలియై గది చీకటిగా వచ్చినచో, తెరపై చీకటియున్న చోట వ్రేలు తాకించిన కెమేరా తన్ను తాను దిద్దుకొనును. చేయి వణకినచో స్టూలుమీద రెండు పుస్తకములు పేర్చి ఫోనును వానికి ఆనించిన చాలును. మేము శబ్దరత్నాకరమును అట్లు వాడుకొంటిమి. గ్రంథమునకు ముందే నమస్కరించితిమి.

ఇంతవఱకు బాగుగనే యున్నది. ఇకమీద మా తప్పు.

మా ఫోనులో మిక్కిలి వెడల్పుగా చూచు కన్నొకటి గలదు. దానితో తీసిన పది యడుగుల గది కల్యాణమంటపమువలె వచ్చెను! చూచి మురిసిపోతిమి. ఉత్తరపుగోడకు ప్రతి వర్షాకాలమున చెమ్మ దిగును. ఆ మరక తగులకుండ బొమ్మను కత్తిరించితిమి. పైవాటాకు పోవు మెట్లు ఇరువదిరెండు. నిటారుగా నుండును, పట్టుకొనుటకు ఒకవైపే కమ్మి. అవి అందముగా నుండవని యసలు తీయనేలేదు. అబద్ధ మొక్కటియు వ్రాయలేదు. చూపదలచినది చూపితిమి, అంతే యని మా మనస్సునకు మేమే సమాధానము చెప్పికొంటిమి. మా శిష్యగురువు మాత్రము ఆ బొమ్మ చూచి, "గది యింత ఉందాండీ?" అని యొకసారి యడిగి యూరకుండెను.

పుట వెలువడిన వారమున ఫోనులు వచ్చినవి. ఒక ఆదివారము ఏలూరునుండి యొక యువతి తన తల్లిని వెంటబెట్టుకొని బస్సులో వచ్చెను. ఇచ్చటి ఆసుపత్రిలో నర్సుగా నుద్యోగము దొరకినదట. ఆ తల్లి చేతికఱ్ఱతో మెల్లగా గేటు దాటి, మెట్లవంక తలయెత్తి చూచి, క్రింది మెట్టుమీదనే కూర్చుండెను. మోకాళ్ళు అరిగిపోయినవట. కుమార్తె పైకి పోయి చూచి వచ్చెను. గది చిన్నదనలేదు, చెమ్మ యనలేదు. "ఫోటోలో మెట్లు కనపడలేదండీ. కనపడితే అమ్మను ఇంతదూరం తిప్పేదాన్ని కాదు" అని మాత్రమే యనెను. ఆ తల్లి, "పోనీలే అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తారా తల్లీ?" అనెను. మేము నీళ్ళిచ్చితిమి, మజ్జిగ యిచ్చితిమి, భోజనము చేసి పొమ్మని బ్రతిమాలితిమి. బస్సు వేళయైనదని వారు వెడలిపోయిరి. మా యత్తగారు లోపలినుండి యంతయు వినిరి. ఒక్క మాటయు ననలేదు. అనియుండిన బాగుండెడిది.

ఆ రాత్రి మాకు భాగవతములోని చిత్రలేఖ జ్ఞప్తికి వచ్చెను. ఉష స్వప్నములో చూచిన పురుషుడెవ్వడో తెలియక తపించుచుండగా, ఆమె చెలి చిత్రలేఖ ఒక్కొక్కరి రూపమును వ్రాసి చూపెను. అనిరుద్ధుని రూపము చూడగనే ఉష గుర్తించెను. చిత్రలేఖ నేర్పు ఎందున్నది? ఆమె యెవ్వరికిని లేని వన్నె పెట్టలేదు. ప్రతి రాకుమారునికిని అనిరుద్ధుని సొగసే యద్దియున్నచో, ఉష తనవానిని కనుగొనగలిగియుండునా? చిత్రము చూచువాని కన్నులకు పండుగ సేయుటకే గాదు, వాడు తనకు కావలసినదానిని గుర్తించుటకు. చిన్ననాడు కంఠస్థము చేసిన కథ అర్థమగుటకు మాకు ముప్పదియాఱేండ్లును, ఒక ముసలితల్లి మోకాళ్ళును కావలసివచ్చినవి.

మఱునాడు మరల తీసితిమి. వెడల్పు కన్ను మాని మామూలు కన్నుతోనే తీసితిమి. ప్రతి గదికిని కొలత టేపుతో కొలిచి అడుగులు, అంగుళములు వ్రాసితిమి. మెట్లను క్రిందినుండి యొకటి, పైనుండి యొకటి తీసి, "మెట్లు 22, నిటారుగా నుండును, మోకాళ్ళ నొప్పులవారికి కష్టము" అని వ్రాసితిమి. చెమ్మమరకను పగటివెలుగులో తీసి, వర్షాకాలమున దిగునని వ్రాసితిమి. కుళాయినీరు వచ్చు వేళలు, స్కూటరు నిలుపు చోటు, తమలపాకు తీగయున్న పెరడు కూడ చేర్చితిమి. ఆడబిడ్డగారు ఫోనుచేసి, "వదినా, ఇల్లు అద్దెకిస్తున్నావా, వద్దని చెప్తున్నావా?" అని నవ్విరి. ఫోనులు తగ్గిన మాట నిజమే. రెండు వారములు గట్టిగానే భయపడితిమి.

మూడవ వారమున ఉద్యోగస్థురాండ్రైన యక్కచెల్లెండ్రిద్దరు వచ్చిరి. మేము మెట్లమాట యెత్తబోగా పెద్దామె, "ఇరవై రెండని చదివే వచ్చామండీ. చెమ్మ గోడవైపు బీరువా పెట్టుకోం. మిగతావి కూడా మీరు రాసినట్టే ఉంటే చాలు" అనెను. అర్ధగంటలో మాట కుదిరెను. ఏలూరు యువతికి ఫోనుచేసి, ధవళేశ్వరమున మెట్లులేని పెంకుటిల్లున్నదని చెప్పితిమి. "మాకు కుదిరిందండీ, కింది వాటాయే. గుర్తుపెట్టుకుని చేశారు, సంతోషం" అనెను. మా మనస్సు కొంత తేలికపడెను.

సోదరీమణులారా, మీరును ఈ పని పూనుదురేని మఱికొన్ని జాగ్రత్తలు. ఫోను తీయు ఫోటోలో, తీసిన స్థలముయొక్క గుర్తు దాగియుండవచ్చును. కెమేరా అమరికలలో లొకేషను ఆపి తీయుడు. పిల్లల ఫోటోలు, గోడమీది కుటుంబచిత్రములు, బీరువా, తాళపుచెవులు, అద్దములో మన ప్రతిబింబము బొమ్మలో పడనీయకుడు. ఇంటినంబరు పుటలో వ్రాయక పేట పేరు మాత్రమే వ్రాసి, మాటలాడినవారికే చిరునామా యిండు. ఫోను నంబరు వేఱుగా నొకటి యుండుట మేలు. ఇల్లు చూపునప్పుడు ఒంటరిగా నుండకుడు. ఇల్లు కావలసిన సోదరీమణులకు: తెరమీద బొమ్మ చూచి బయానా పంపకుడు. ఒకరి యింటి ఫోటోలు దొంగిలించి తమవని చూపి పైకము లాగు మోసగాండ్రు గలరు. ఇల్లు, యజమాని, కాగితములు కంట చూచిన పిదపనే రూపాయి కదలవలెను. అద్దె ఒప్పందములు పదునొకండు నెలలకు వ్రాయుటలోని మర్మమిది: 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఒక సంవత్సరమునకు మించిన కౌలు పత్రము తప్పక రిజిస్టరు కావలెను.

క్రొత్తగా కట్టు అపార్టుమెంట్లు కొనువారు 2016 నాటి స్థిరాస్తి చట్టమును, వాడుకలో రెరా యనుదానిని, ఎఱిగియుండవలెను. రిజిస్టరు కావలసిన కట్టడమును రిజిస్టరు కాకముందు ప్రకటింపరాదు. ప్రకటనలో రిజిస్ట్రేషను సంఖ్య యుండవలెను. ప్రకటనలోని తప్పుమాట నమ్మి పైకమిచ్చి నష్టపడినవారికి కట్టించువాడు పరిహారమియ్యవలెను. మావంటివారి పైవాటాకు ఆ చట్టము వర్తింపదు. ఐనను ఏలూరునుండి వచ్చిన తల్లి మెట్టుమీద కూర్చుండినప్పుడు చట్టము మాట మాకు తోపలేదు.

మొదటి నెల యద్దె చేతికి వచ్చిననాడు మా యత్తగారు చిట్టాపుస్తకము తీసిరి. కొడుకుపేర వ్రాసికొన్న యప్పును లెక్కగట్టి, పైకము బల్లమీద పెట్టి, ఆ పంక్తిని అడ్డముగా కొట్టివేసిరి. మావారు నవ్వుచునే పుచ్చుకొనిరి. పుచ్చుకొనకున్నచో ఆమె నొచ్చుకొందురని ఆయన యెఱుగుదురు. తరువాత ఆమె మమ్ము పిలిచి, "అమ్మాయీ, ఆ మెట్లకు రెండోవైపు కూడా కమ్మి వేయించు. ఖర్చు నాదే" అనిరి.

కమ్మి వేయించితిమి. దాని ఫోటో కూడ పుటలో చేర్చితిమి.